ప్యాక్‌హార్స్ పెరటి గోడ

వెదర్‌కూంబ్, డెవన్
2 సెప్టెంబర్ 1962

మెర్విన్‌కు,

రైలు దొరికిందనే అనుకుంటున్నాను. దొరక్కపోతే తిరిగి వచ్చేవాడివి. నాన్నను పాతిపెట్టి వచ్చి, వచ్చినవాళ్ల భోజనానికి ఉడికించిన పంది తొడమాంసం ఇంకా కోయకముందే నువ్వూ నీ భార్య మ్యూరియలూ టోపీలు పెట్టుకుని బయల్దేరారు. "పిల్లాడికి అంత తొందరేంటి థర్జా?" అని ఊళ్లోవాళ్లు అడిగారు. మా తమ్ముడు లేకపోతే కొవెంట్రీలో కార్ల చక్రాలు తిరగవని చెప్పాను. వాళ్లు నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

శవపేటికను దించుతున్నప్పుడు మ్యూరియల్ మొహం చూశాను. మన ఇంట్లో పైగదిలో పోయినవాళ్లు ఎవరూ మెట్ల మీదుగా కిందికి రాలేదు. పొయ్యి వెనకగా మెలితిరిగిన ఆ రాతిమెట్ల మీద పేటిక తిరగదు. అందుకే పైగది నేలలో కొన్ని చెక్కలు మేకులు కొట్టకుండా వదిలారు పెద్దవాళ్లు. తాతనూ అలాగే దించారు, అమ్మనూ అలాగే దించారు. కింద తాగుతున్నవాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకుని పక్కకి జరిగి, పేటికను బల్ల మీదికి అందుకుంటారు. అది మన ప్యాక్‌హార్స్ పబ్బులో మర్యాద. నీ భార్య దాన్ని చూసి "అయ్యో, అటక మీంచి సామాను దించినట్టుందే!" అంది. పెద్దగానే అంది.

అదలా ఉంచు. ఆ పొద్దున నేను పైన నాన్నకు తెల్ల చొక్కా తొడుగుతుంటే, కింద నువ్వు అడుగులు వేసి గది కొలుస్తున్నావు. కిటికీ దగ్గర చెయ్యి పెట్టి గోడ మందం కూడా చూశావు. చెక్కల సందులోంచి నాకు కనిపించింది.

ఇల్లు నీ పేర రాశాడు నాన్న. కొడుకువి కదా, రాస్తాడు. పీపాలు దొర్లించిందీ, తాగి పడ్డవాళ్లను లేపి ఇళ్లకు పంపిందీ, ఏటేటా గోడలకు సున్నం వేసిందీ నేను. దానికి నేనేమీ అడగను. తలుపు మీద పలకపై ఇంకా నాన్న పేరే ఉంది. అక్కడ లైసెన్సు ఉన్నవాళ్ల పేరు ఉండాలని చట్టం. యజమానివి నువ్వు సరేనని ఒక ముక్క రాస్తే కోర్టువాళ్లు నా పేరు రాయిస్తారు. ఆ ఒక్క ముక్క రాసి పంపు.

ఇంటికొచ్చిన లోటేమీ లేదు. కప్పు నేసే జేబెజ్ కిందటేడు కొత్త గోధుమగడ్డి పరిచాడు. "మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే మట్టిగోడకు చావులేదు" అనేవాడు నాన్న. టోపీ అంటే కప్పు, అది బాగుంది; బూట్లంటే కింద రాతి పునాది, అదీ బాగుంది.

నీ అక్క,
థర్జా

*

కొవెంట్రీ
9 సెప్టెంబర్ 1962

అక్కా,

పసిదానికి ఒళ్లు కాలిపోతోందని ఫోను వచ్చింది. అందుకే బయల్దేరాం. నీకు చెప్పాను. నువ్వు మాంసం కోసే కత్తి వెతుకుతూ "ఆఁ, ఆఁ" అన్నావు. ఇప్పుడు ఊరంతా నన్ను తండ్రి మీద మట్టి వేసి పారిపోయినవాడిలా చూస్తోందన్నమాట. చూడనీ.

కొలిచిన మాట నిజమే. ఎందుకు కొలుస్తున్నావురా అని కిందికి దిగి అడిగితే చెప్పేవాణ్ని. సందుల్లోంచి చూసేవాళ్లకు సగమే కనిపిస్తుంది.

నేరుగా చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఒక బీరు కంపెనీ ప్యాక్‌హార్స్‌ను కొంటానంటోంది. వాళ్లకు గదుల కొలతలు కావాల్సి వచ్చాయి. మేం అత్తగారింట్లో ఒక్క గదిలో నలుగురం ఉంటున్నాం. పిల్లలు తెర వెనక పడుకుంటారు. మ్యూరియల్ దగ్గితే వాళ్లమ్మ పక్కగదిలోంచి "కిటికీ మూసుకోలేదా?" అంటుంది. నాకొక ఇల్లు కావాలక్కా, నా తలుపు నేను మూసుకునే ఇల్లు.

నీ గతేమిటని భయపడకు. నేను పెట్టిన మొదటి షరతు నీ గురించే. నీకు ఓపిక ఉన్నన్నాళ్లు పబ్బు నువ్వే నడుపుతావు, తలుపు మీద నీ పేరే ఉంటుంది. వాళ్లు ఒప్పుకున్నారు, రాసి ఇస్తామన్నారు. ఇప్పుడు నేను ఆ ముక్క రాసినా అమ్మకం అయ్యాక మళ్లీ మార్చాలి, అందుకే ఆగాను.

నెలాఖరుకు వాళ్ల మనిషి ఇల్లు చూడడానికి వస్తాడు. ఇల్లు గట్టిగా ఉంటేనే బేరం. కాస్త మర్యాదగా మాట్లాడు, నీ నోటి దురుసు చూపించకు. ఎన్నాళ్లని చూరు పట్టుకుని వేలాడతావు?

ప్రేమతో,
మెర్విన్

*

వెదర్‌కూంబ్
30 సెప్టెంబర్ 1962

తమ్ముడూ,

నీ కంపెనీ మనిషి వచ్చి వెళ్లాడు. నువ్వు చెప్పినట్టే మర్యాదగా చూశాను. వస్తూనే గుమ్మం దూలానికి తల కొట్టుకున్నాడు. "తలుపులు ఇంత పొట్టిగా ఎందుకు పెట్టారమ్మా?" అన్నాడు. "తల వంచి రావాలనండీ" అన్నాను. ఇంతకంటే మర్యాద నాకు తెలియదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట విన్నాను గానీ కళ్లతో చూడ్డం ఇదే. నా చేతి మాంసం కజ్జికాయ తిని, మూతి తుడుచుకుని, అటక ఎక్కి నిజంగానే వాసాలు లెక్కపెట్టాడు. దిగేసరికి కాలరు, చెవులు, ముక్కు అన్నీ నలుపు. "ఇక్కడెప్పుడైనా మంటలంటుకున్నాయా?" అని అడిగాడు. పొగగొట్టం లేని రోజుల్లో గది నడుమ నేల మీదే నిప్పు వేసేవారనీ, పొగ గడ్డిలోంచే పోయేదనీ, ఆ మసిపట్టిన పొరను ఎవరూ తియ్యకుండా దాని మీదే తరతరాలుగా కొత్త గడ్డి వేస్తూ వచ్చారనీ చెప్పాను. "అంటే పైన ఇంత బరువుందా! ఈ వంకర దూలాలే మోస్తున్నాయా? వీటి కాళ్లు ఎక్కడున్నాయి?" అన్నాడు. "గోడ లోపలేనండీ. గోడలోకి దిగి నిలబడి ఉంటాయి" అన్నాను. అది కాగితం మీద రాసుకున్నాడు.

తర్వాత పెరటి గోడ దగ్గరికి వెళ్లి జేబులోంచి కత్తి తీసి గుచ్చాడు. పిడిదాకా దిగింది. బయటికి తీస్తే బురద. "ఎన్నాళ్లుగా ఉంది ఈ తడి?" అన్నాడు. "నాన్న పోయినప్పట్నుంచీ ఏడుస్తోందయ్యా" అన్నాను. పాపం, తల ఊపాడు.

ఏం చేస్తాం, ముసలి ఇల్లు. పెరటి గోడ పని అయిపోయినట్టే. వాళ్లకు మనసు విరిగిందనుకుంటాను. ఈ బేరం మర్చిపో. తలుపు మీద నా పేరు అంటావు, కంపెనీ మాటలు నువ్వు నమ్ముతావేమో. కొండ అవతల ఊళ్లో పబ్బు నడిపే ముసలాయనకూ ఇలాగే చెప్పి, ఏడు తిరక్కుండా ఆయన స్థానంలో టై కట్టుకున్న కుర్రవాణ్ని తెచ్చి పెట్టారు.

పసిదానికి జ్వరం తగ్గిందా? రాయవేం?

నీ అక్క,
థర్జా

*

కొవెంట్రీ
14 అక్టోబర్ 1962

అక్కా,

పాపకు తగ్గింది. నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు పడుకునేది ఆ పెరటి గోడ పక్కనే. నాన్న మంచమే ఉండేది అక్కడ. అది నీ మీద పడితే ఏమైపోతావని రెండు రోజులు ఆఫీసులో కార్ల నమూనాలు తప్పుల మీద తప్పులు గీశాను.

మంచి కబురేమిటంటే కంపెనీవాళ్లు వెనక్కి పోలేదు. ఆ ఒక్క గోడ బాగు చేయిస్తే మార్చిలో సంతకాలు పెడతామన్నారు. నేను ఆలస్యం చేయలేదు. పట్నం నుంచి పుక్ అనే మేస్త్రీ వస్తాడు. గోడ బయటివైపు పైనుంచి కిందిదాకా రెండంగుళాల మందాన సిమెంటు పూస్తాడు. ఇక లోపలికి చుక్క నీరు పోదు. ఈ కాలంలో ఇంకా మట్టికి సున్నం పూసుకుంటూ కూర్చోవడమేమిటి? నువ్వు కూడా ఆ చలిలో నిచ్చెన ఎక్కే బాధ తప్పుతుంది.

పుక్‌కు టీ ఇవ్వు. వాడితో పోట్లాడకు.

చలికాలంలో నువ్వు పొడిగా, వెచ్చగా పడుకుంటావని ఊహించుకుంటే నాకు చాలా హాయిగా ఉంది.

మెర్విన్

*

వెదర్‌కూంబ్
4 నవంబర్ 1962

ఒరేయ్ మెర్విన్,

నీ పుక్ వచ్చాడు, పోయాడు. పెరటి గోడ ఇప్పుడు రైల్వే స్టేషను మరుగుదొడ్డిలా ఉంది. మూలలన్నీ గుండ్రంగా ఉండేవి, వాటికి చెక్కపట్టీ పెట్టి కోణాలు తీశాడు. "చూశారా అమ్మా, గీత గీసినట్టుంది" అని నాకే చూపించాడు. టీ ఇచ్చాను. పోట్లాడలేదు. ఇల్లు అలకగానే పండగ కాదని మాత్రం అన్నాను, వాడికి అర్థం కాలేదు.

జేబెజ్‌ను పిలిచి చూపించాను. కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి "ఇంక ఫిరంగి పేల్చినా పడదు థర్జా" అని, ఆ సంతోషంలో ఇంకో గ్లాసు ఆపిల్ సైడర్ అడిగాడు.

ఇప్పుడు నీకో సంగతి చెబుతాను, విని తరించు. ఆ గోడకు ఏ రోగమూ లేదు. కంపెనీ మనిషి వస్తాడని తెలిసిన రోజు నుంచీ సాయంత్రం సాయంత్రం గ్లాసులు కడిగిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు బకెట్లకు బకెట్లు ఆ గోడ మొదట్లో పోశాను. అది చాలదని నిచ్చెన వేసుకుని చూరులో రెండు చోట్ల గడ్డి లాగేశాను, వాన నేరుగా గోడ నెత్తిన పడేటట్టు. ఆ పెద్దమనిషి కత్తి గుచ్చింది గోడలో కాదురా, నా బకెట్టులో! గోడకు కొట్టిన సున్నం తిరిగి రాదంటారు. నువ్వు ఏకంగా సిమెంటే కొట్టావు.

నాన్న తన కొడుక్కి ఇల్లిచ్చాడు. ఆ కొడుక్కి ఇంట్లో రోగమేదో, వేషమేదో తెలియదు. అమ్ముకోవడానికి మాత్రం వచ్చు. నన్ను వెళ్లగొట్టాలంటే ఎదురుగా వచ్చి వెళ్లగొట్టు, కంపెనీ వెనక దాక్కోకు.

చూరులో కంతలు జేబెజ్ ఎండలు వచ్చాక నేసేస్తాడు. ఇప్పుడతనికి దగ్గు, నిచ్చెన ఎక్కలేడు.

వెళ్లి నీ కంపెనీకి చెప్పుకో.

థర్జా

*

కొవెంట్రీ
11 నవంబర్ 1962

థర్జా,

నీ ఉత్తరం మ్యూరియల్‌కు చదివి వినిపించాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు సిగ్గేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే అని అందరికీ చెప్పుకునేవాణ్ని.

నీ మీద గోడ పడుతుందని నేనిక్కడ నిద్ర మానుకుంటే, నువ్వక్కడ బకెట్లు మోస్తూ నవ్వుకున్నావు. నీ పేరు కోసం నేను కంపెనీవాళ్లతో మూడుసార్లు పోట్లాడాను. "మీ అక్కగారు పెద్దవారైపోతారు కదా" అని వాళ్లంటే, "ఆవిడ లేకపోతే అది పబ్బే కాదు" అన్నాను. ఆ మాట నేనన్నానని నాకిప్పుడు నమ్మబుద్ధి కావడం లేదు.

కంపెనీకి ఏమీ చెప్పను. నువ్వే చెప్పావుగా గోడకు ఏ రోగమూ లేదని. సంతోషం. మార్చిలో సంతకాలు. క్రిస్మస్‌కు మేం రావడం లేదు. ఇక ఆ గోడ గురించి నాకు ఒక్క ముక్క కూడా రాయకు.

మెర్విన్

*

వెదర్‌కూంబ్
3 ఫిబ్రవరి 1963

మెర్విన్,

రాయకన్నావు. రాయక తప్పడం లేదు.

క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు ఇంకా కరగలేదు. సందుల్లో కంచెలు కనిపించడం లేదు, గొర్రెలు వాటి మీదుగానే నడిచి పోతున్నాయి. రొట్టె కోసం మగవాళ్లు జట్టుగా పారలు పట్టుకుని వెళ్తున్నారు. బీరు పీపాలోనే గడ్డకట్టింది. అయినా జనం వస్తున్నారు, నిప్పు ఉన్నది మన పొయ్యిలోనే కాబట్టి.

పెరటి గోడ లోపలివైపు నేల నుంచి మోకాలెత్తున ఉబ్బింది. మొదట నా కళ్లే చెడ్డాయనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే ఐసులా చల్లగా, మెత్తగా ఉంది. సామాన్లగది తలుపు మూసుకోవడం లేదు. కిటికీ రెక్క బిగుసుకుపోయింది. బయట నీ సిమెంటు గీత గీసినట్టే ఉంది, కానీ కొడితే డొల్ల మోత. అక్టోబరంతా వాన ఆ కంతల్లోంచి గోడలోకి దిగింది. అంతకుముందైతే ఎండకూ గాలికీ బయటికి పోయేది, ఇప్పుడు పోవడానికి దారి లేదు. లోపలంతా గడ్డకట్టి ఉంది. ఇది కరిగిన రోజు ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

నవంబరులో రాసింది నిజం. ఇదీ నిజం. రెండూ ఒక్క చేత్తోనే రాశాను, ఏం చెయ్యను? నీకు నవ్వొస్తే నవ్వు, కానీ వచ్చి చూసి నవ్వు.

పబ్బుకొచ్చేవాళ్లే అడవిలోంచి లావుపాటి దుంగలు తెచ్చి లోపలి నుంచి గోడకు ఊతాలుగా ఆనించి నిలబెట్టారు. ఆ దుంగల సందుల్లోనే కూర్చుని తాగుతున్నారు. ప్రస్తుతానికి ఆగింది. పుక్ లాంటివాడు కాకుండా మట్టిగోడలు ఎరిగినవాణ్ని ఎవరినైనా తీసుకుని రా. ఇల్లు నీది కదా, నీ ఇంటి కోసమే రా.

అక్క

*

కొవెంట్రీ
17 ఫిబ్రవరి 1963

థర్జా,

ఈసారి ఎన్ని బకెట్లు?

సరిగ్గా సంతకాల ముందు గోడ ఉబ్బిందన్నమాట. సెప్టెంబరులో ఏడ్చింది, నవంబరులో దానికే రోగమూ లేదు, ఫిబ్రవరిలో మళ్లీ చావుబతుకుల్లో ఉంది. నీ గోడకు ఉన్నన్ని వేషాలు నాటకాల్లో కూడా ఉండవు.

మంచుకు ఇక్కడా నీళ్ల గొట్టాలు పగిలాయి. పనిలోకి నడిచే పోతున్నాను. పిల్లలిద్దరికీ దగ్గు. రాలేను, వచ్చే ఉద్దేశమూ లేదు.

కంపెనీ మనిషి మార్చి రెండో వారంలో ఆఖరిసారి చూసిపోతాడు. గదిలో దుంగలు నిలబెట్టి ఉంటే ఎవడు కొంటాడు? అందుకేగా నిలబెట్టావు. పుక్‌కు రాశాను. దారులు తెరుచుకోగానే వచ్చి వాటిని తీసేస్తాడు. అడ్డం పడకు. అది నా ఇల్లు, నా గోడ. ఈ మాట అనే అవసరం రాకూడదనుకున్నాను, నువ్వే అనిపించావు.

మెర్విన్

*

జేబెజ్ ఇల్లు, వెదర్‌కూంబ్
10 మార్చి 1963

మెర్విన్ ఎండకాట్ గారికి,

మీ ఇల్లు పడిపోయింది. యజమానికి తెలియజెయ్యడం నా ధర్మం కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం దారి తెరుచుకుంది. వెనకే మీ పుక్ వచ్చాడు. అడ్డం పడవద్దన్నారు, పడలేదు. "ఒక్కసారి నువ్వే చెయ్యి పెట్టి చూడు నాయనా" అని మాత్రం అడిగాను. చూశాడు. "కాస్త చెమ్మగానే ఉందమ్మా, కానీ బయట నేను పూసింది ఉందిగా, ఎక్కడికి పోతుంది? అయ్యగారు రాసిచ్చారు, నేనేం చెయ్యను?" అన్నాడు. దుంగలు తీసి బయట వరసగా పేర్చాడు. బుధవారం గాలి తిరిగి వెచ్చబడింది. రాత్రంతా చూరు నీళ్లు కారుతూనే ఉంది.

గురువారం పొద్దున పబ్బు తెరిచి ముందు గుమ్మం ఊడుస్తున్నాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. అలిసిపోయిన ఆవు పడుకున్నట్టు గోడ ఉన్నచోటే కూలబడింది. బయట సిమెంటు పలక మాత్రం కాసేపు ఒంటరిగా నిలబడింది. అది చూసి నాకు నవ్వొచ్చింది, దేవుడి మీద ఒట్టు. తర్వాత అదీ పెరట్లోకి బోర్లా పడింది. దూలాల కాళ్లు గోడలోనే ఉన్నాయి కదా, అవి బయటికి జారాయి. కప్పు మొత్తం ఒకే ముక్కగా, నెమ్మదిగా, తాతలనాటి పొరలతో సహా దిగివచ్చింది.

ఆ మసి లేచింది చూడు! ఎప్పటి పొయ్యిల మసో అది. ఊరంతా కమ్ముకుంది. ఇంకా కరగని మంచు మీద, చర్చి గోడ మీద, ఆరేసిన దుప్పట్ల మీద నల్లగా పడింది. పిల్లలు నల్ల మంచు అని కేకలేశారు.

జేబెజ్ పొయ్యి పక్క రాతిగూట్లో కూర్చుని ఉన్నాడు, పొగగొట్టం అతన్ని కాపాడింది. గడ్డి తోడి బయటికి లాగితే, నోట్లోంచి పోచలు ఉమ్ముతూ "ఏ వెధవ కప్పాడురా దీన్ని ఇంత బరువుగా?" అన్నాడు. అతను కప్పిందే. నవ్వలేక చచ్చాం. ఆ తర్వాత నేను రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. ఊళ్లోవాళ్లు చూస్తుండగానే ఏడ్చాను.

పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. మెలితిరిగిన మెట్లు సగందాకా ఉన్నాయి. నాన్న గది లేదు.

ఇంతే తమరికి మనవి చేసుకోవాల్సింది.

థర్జా ఎండకాట్

*

కొవెంట్రీ
18 మార్చి 1963

అక్కా,

ఆదివారం వచ్చాను. జేబెజ్ కోడలు నన్ను వాకిట్లోనే నిలబెట్టి "ఆవిడ పడుకుంది" అంది. మేడ మీద కిటికీ తెర కదిలింది. నువ్వు పడుకోలేదు. వానలో గంటసేపు నిలబడ్డాను. తర్వాత వెళ్లి ఇల్లు చూశాను. ఇల్లు అనకూడదు, ఆ దిబ్బ చూశాను.

దుంగలు తీయించింది నేను. కాదనను. కానీ నీళ్లు పోసింది నువ్వు, కప్పు చింపింది నువ్వు. నువ్వు పోయకపోతే కత్తి దిగేది కాదు, కత్తి దిగకపోతే సిమెంటు పడేది కాదు. నువ్వు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా మాట నమ్మి ఉంటే ఈపాటికి మా పిల్లలకు గది ఉండేది, నీకు ఇల్లుండేది.

కంపెనీవాళ్ల కాగితం నా ముందు ఉంది. అందులో నీ పేరు ఉంది, జీవితాంతం అని ఉంది. పలక కూడా రాయించి పెట్టారట. ఇది నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. కాదులే, దానికే రాస్తున్నాను. నేనొక్కణ్ణే ఎందుకు ఏడవాలి?

ఎక్కడుంటావు? జేబెజ్ ఇంట్లో ఎన్నాళ్లుంటావు? ఇక్కడికి రా. మ్యూరియల్ తనంతట తనే ఇంకో తెర కట్టింది నీకోసం, కిటికీ పక్కన. వాళ్లమ్మ గొణిగినా లెక్కచెయ్యలేదు. మ్యూరియల్ మంచిదక్కా, నీకు తెలియదు.

స్థలం మాత్రం అమ్మక తప్పదు. కంపెనీవాళ్లు ఉత్త నేలైనా తీసుకుంటామన్నారు.

మెర్విన్

*

వెదర్‌కూంబ్
22 సెప్టెంబర్ 1963

మెర్విన్‌కు,

ఆలస్యమైంది. ఏం రాయాలో తోచలేదు, ఇప్పుడూ తోచలేదు.

ప్రభుత్వంవాళ్లు కొత్తగా కట్టిన వరస ఇళ్లలో చివరిది నాకిచ్చారు. గోడలు తిన్నగా ఉంటాయి. ఏ గోడను తట్టినా పక్కింటివాళ్లు "ఎవరు?" అంటారు. మ్యూరియల్‌కు నా థాంక్స్ చెప్పు, నిజంగానే చెబుతున్నాను. తెర విప్పేసి ఆ చోటు పిల్లలకివ్వమను. నేను రాను. నీ మీద కోపంతో కాదు అని రాద్దామనుకున్నాను గానీ, కోపంతోనే. నాకు కోపం లేకపోతే ఇంకేమీ మిగలదు.

ప్యాక్‌హార్స్ స్థలంలో ఎర్ర ఇటుకలు దించారు. పెద్ద పెద్ద గాజు కిటికీలు పెడతారట. పొగగొట్టాన్ని ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగేశారు. మంచి ఓకు చెక్క దూలాలు ఎవరో కొనుక్కుపోయారు, లండనులో ఎవరి ఇంట్లోనో అలంకారంగా పెట్టుకుంటారట. మొన్న కంపెనీవాళ్ల కుర్రాడొకడు వచ్చి, పబ్బు తెరిచాక గ్లాసులు కడగడానికి వస్తారా అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను.

గోడల సంగతి చెప్పలేదు కదూ. కప్పు లేకపోతే మట్టిగోడ ఎన్నాళ్లుంటుంది? ఏప్రిల్ వానలకే కరిగి నేలమట్టం అయింది. అంత పాత గోడమట్టి చేనుకు మంచి బలమట. ఊళ్లోవాళ్లు నా దగ్గరికి వచ్చి, తలలు వంచుకుని, తీసుకుపోతాం అన్నారు. నాదేం పోయింది, తీసుకుపొమ్మన్నాను. తోపుడు బళ్ల మీద తోలుకెళ్లి పెరళ్లలో చల్లుకున్నారు. మన గోడ ఇప్పుడు ఊళ్లో ఇంటింటి పెరట్లోనూ ఉంది.

ఈ ఏడు బంగాళాదుంపలు విరగపండాయి. మొన్న జేబెజ్ కోడలు ఒక బుట్టెడు తెచ్చి గుమ్మంలో పెట్టి "ఏమనుకోకు థర్జా" అంది. ఏమనుకుంటాను? కూర్చుని కడిగాను. ఒక దుంపకు గడ్డిపోచ అంటుకుని వచ్చింది. గోడమట్టిలో తొక్కిన గడ్డి, ఇంకా పసుపుపచ్చగానే ఉంది. ఉడకబెట్టి, ఉప్పూ వెన్నా వేసుకుని తిన్నాను. తాత పుట్టిన గది, అమ్మ సున్నం వేసిన గోడ, నాన్న పోయిన మూల, అన్నీ కలిపి తిన్నాను.

చాలా రుచిగా ఉన్నాయి. నీకు పంపను.

థర్జా